జువ్విమెట్ట పంపకం

కొండపల్లి చర్చిలో సండే స్కూల్ పెద్దపిల్లలకు పాఠం చెప్పే టీచరు పురిటికి పుట్టింటికి వెళ్లడంతో ఆ నెల క్లాసు కీర్తన మీద పడింది. కీర్తన అసలు ఉద్యోగం వేరు. గ్రామ సచివాలయంలో సర్వేయరు. చేరి ఏడాదిన్నర అయింది. ఆదివారం తప్ప మిగతా రోజులన్నీ గట్ల మీదా పుంతల్లోనే గడుస్తాయి.

"పాఠాలు వరసగా చెబుతున్నారమ్మా. యెహోషువ దేశాన్ని పంచిపెట్టడం దాకా వచ్చింది. అక్కణ్ణించి అందుకో" అన్నాడు సంఘపెద్ద ఆమోసు.

శనివారం సాయంత్రం మేనత్త రావమ్మ గదిలో కూర్చుని కీర్తన ఆ భాగం చదువుకుంది. చిన్నప్పటినుంచీ విన్నదే. యొర్దాను దాటడం, యెరికో గోడలు కూలడం, ఒక్కో పట్టణాన్నీ గెలుచుకుంటూ పోవడం. యుద్ధాల తర్వాత వచ్చే పంపకం మాత్రం ఎప్పుడూ సరిగ్గా వినలేదు. అంతా ఊళ్ల పేర్లూ హద్దులూ అని నిద్ర వచ్చేది. ఇప్పుడు చదువుతుంటే నిద్ర రాలేదు. ఏడు గోత్రాలకు ఇంకా భూమి రాలేదు. గోత్రానికి ముగ్గురు చొప్పున మనుషుల్ని పంపించాడు యెహోషువ. వాళ్లు దేశమంతా కాలినడకన తిరిగి, ఊళ్లు రాసుకుని, ఏడు భాగాలు చేసి తెచ్చారు. తర్వాత షిలోహులో చీట్లు వేశారు.

"అత్తా, వీళ్లు మావాళ్లే! సర్వేయర్లు!" అంది కీర్తన.

రావమ్మ చేతిలో పొణికికర్ర బొమ్మ ఉంది. దానికి సుద్దపూత వేస్తోంది. బొమ్మల వ్యాపారి ఇంటినుంచి తట్టల కొద్దీ బొమ్మలు తెచ్చుకుని పూత వేసి ఇవ్వడం ఆవిడ జీవనం. తల్లిలేని కీర్తనను పదో తరగతి దాకా పెంచింది ఆవిడే. తర్వాత కీర్తన ఇబ్రహీంపట్నంలో తండ్రి దగ్గరికి వెళ్లిపోయినా శనివారాలు ఇక్కడే.

"అయితే నాకెప్పుడు వేస్తావే చీటీ?" అంది రావమ్మ.

ఆవిడ అన్నది జువ్విమెట్ట సంగతి. ఆ ఊరు మైలవరం వెళ్లే దారిలో, రోడ్డుకు లోపలగా ఉంటుంది. అక్కడ కొండవార ప్రభుత్వ భూమిలో ముప్పై ఆరు కుటుంబాలకు ఇళ్ల స్థలాలు ఇస్తున్నారు. ఎవరికి ఏ ప్లాటు అన్నది లాటరీ తీస్తారు. జాబితాలో రావమ్మ ఉంది, ఆమోసు ఉన్నాడు, ఆ చర్చివాళ్లే మొత్తం పదకొండు మంది. కొలిచి రాళ్లు పాతించే పని కీర్తనది.

మర్నాడు క్లాసులో బోర్డు మీద కనాను పటం గీసి, లేఅవుట్ వేసినట్టు గోత్రాలవారీగా విడదీసి చూపించింది. పిల్లలకు నచ్చింది. అంతకుముందు అక్కడ ఉన్నవాళ్ల సంగతి "యుద్ధాలన్నీ అయ్యాక" అన్న ఒక్క మాటతో దాటేసింది. దాటేసినట్టు అప్పుడు తనకు తెలియలేదు కూడా.

ఆరాధన చివర ఆమోసు ప్రార్థన చేశాడు. ఆ వారం పాఠమూ జువ్విమెట్టా కలిసి రావడం ఆయనకు దేవుడి సూచనలా తోచింది. ముప్పై ఏళ్లు థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు కూలీగా పనిచేసి, ఏడు అద్దె ఇళ్లు మారిన మనిషి. "వాళ్లకిచ్చినట్టే మాకూ ఇస్తున్నావయ్యా" అన్నాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది రావమ్మే.

సోమవారం కొలతలు తీసే రోవర్ కర్ర భుజాన వేసుకుని, రాళ్లు పాతే కూలీలిద్దర్ని వెంటబెట్టుకుని కీర్తన జువ్విమెట్ట చేరింది. మండల సర్వేయరు బసవపున్నయ్య లేఅవుట్ గీసి ఇచ్చాడు. "మొత్తం ఖాళీయేనమ్మా. తుప్పలు కొట్టించి రాళ్లేయించడమే" అన్నాడు. ముప్పై అయిదు దాకా ఖాళీయే. ముప్పై ఆరో ప్లాటు ఉండాల్సిన చోట ఒక రేకుల ఇల్లుంది. ముందు గోరింట చెట్టు, పక్కన మేకల పాక, చుట్టూ ముళ్లకంచె.

"ఎవరమ్మాయ్? కరెంటోళ్లా?" అంటూ ఒక ముసలావిడ తల మీద కొంగు సర్దుకుంటూ బయటికొచ్చింది. పేరు సైదాబీ. డెబ్భై దాటి ఉంటాయి.

"కాదండీ, సర్వే. సచివాలయం నుంచి."

సర్వే అనగానే ఆవిడ ఇంకేమీ అడగలేదు. కీర్తనను లోపల మంచం మీద కూర్చోబెట్టి, పాలు పిండుకొచ్చి టీ పెట్టింది. టీ చేతికిచ్చాక దిండు గలీబు కుట్లు విప్పి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడతల దగ్గర చిరిగి, గోధుమరంగుకు తిరిగిన కాగితం. షేక్ ఇస్సాక్ పేరున నివాస స్థలం, సర్వే నంబరు 114, తూర్పు రోడ్డు, దక్షిణం వాగు. కింద గుండ్రటి సీలు.

"ఇస్సాక్ అంటే?"

"మా ఆయన. పోయి పదకొండేళ్లయింది."

"మా తాత పేరు కూడా ఇస్సాకేనండీ."

"మీరు కిరస్తానీలా? ఆ పేరు మీకూ ఉంటదిలే" అంది సైదాబీ. మొదటిసారి కొంచెం నవ్వింది.

కీర్తన ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని, ఫోన్‌లో ఉన్న పటంతో సరిచూసుకుంది. నంబరు 114. తూర్పున రోడ్డుంది, దక్షిణాన వాగుంది. కాగితం పాతదని చూస్తేనే తెలుస్తోంది. బసవపున్నయ్య ఆఫీసులో కూర్చుని పటం గీసి ఉంటాడు, ఇక్కడికి రాలేదు. అంతకంటే ఏముంటుంది?

"మామ్మగారూ, మీరేం భయపడకండి. మీ ఇంటి జోలికి ఎవరూ రారు."

"నువ్వు చెబుతున్నావా, మీ ఆఫీసు చెబుతోందా?"

"నేనే చెబుతున్నానండీ."

"అయితే చేతిలో చెయ్యెయ్యి."

కీర్తన వేసింది. ఆ చెయ్యి గోరింట మరకలతో, ఎండిన బెరడులా గరగరలాడింది. ఆ సాయంత్రం ముప్పై అయిదు ప్లాట్లకు రాళ్లు పాతించి తిరిగొచ్చింది. మంచి పని చేశానన్న తృప్తితో బస్సులో కునుకు కూడా తీసింది.

గురువారం మండలాఫీసుకు వెళ్లి ఆ కాగితం ఫొటో బసవపున్నయ్యకు చూపించింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"తేదీ ఎంతుంది?"

"ఎనభై రెండు, సార్."

"సీలు మీద?"

"మండల రెవెన్యూ..." కీర్తన ఆగింది.

"ఎనభై రెండులో మండలాలెక్కడివమ్మా? అవి వచ్చింది ఎనభై అయిదులో. అప్పటిదాకా తాలూకాలే" అన్నాడు బసవపున్నయ్య. కోపంగా ఏమీ అనలేదు, పాఠం చెప్పినట్టే అన్నాడు. "ఇంకోటి. పాత నూట పద్నాలుగు ఇది కాదు, వాగు అవతల. మధ్యలో నంబర్లు మారాయి. ఎవడో ఇప్పటి నంబరు చూసి పాత తేదీ వేసిచ్చాడు. ఇట్టాంటివి నా సర్వీసులో చాలా చూశా."

"మరి ఆవిడ చాలా ఏళ్లుగా ఉంటున్నట్టుంది సార్."

"ఉంటే ఉందిలే. ఖాళీ అని రాసెయ్. లాటరీ తేదీ ఇచ్చేశారు. ఆవిడ సంగతి తరవాత ఎక్కడో చూద్దాం."

కీర్తన అటునుంచి అటే జువ్విమెట్ట వెళ్లింది. దారి పొడుగునా అనాల్సిన మాటలు కూడబలుక్కుంది. తీరా గుమ్మంలో నిలబడ్డాక ఒక్కటే అంది.

"మామ్మగారూ, ఆ కాగితం దొంగదంట."

సైదాబీ మేకకు రెమ్మలు వేస్తోంది. వెయ్యడం ఆపలేదు.

"ఎవరన్నారు?"

"సీలు చూస్తేనే తెలుస్తుంది. మీకు ముందే తెలుసా?"

"నాకు చదువు రాదు. ఆయన ఎవరికో ఇచ్చి రాయించుకొచ్చాడు. పోయే ముందు, తప్పనిసరైతే తప్ప ఎవరికీ చూపించబోకు అన్నాడు. ఎందుకన్నాడో నేనడగలా."

"అంటే తెలిసినట్టా, తెలీనట్టా?"

సైదాబీ చేతులు దులుపుకుని ఆమె వైపు తిరిగింది. "తెలుసనుకో, ఏం చేస్తావ్? తెలీదనుకో, అప్పుడేం చేస్తావ్? ఇల్లు అదే, నేనూ అదే. చేతిలో చెయ్యేసింది కాగితానికా నాకా?"

కీర్తనకు ఒళ్లు మండింది. మోసపోయానని కోపం. మోసమో కాదో తేల్చుకోలేకపోతున్నానని అంతకంటే కోపం. ఆవిడ ఇచ్చిన టీ కూడా అందులో భాగమేనా? లేకపోతే ఇంటికొచ్చిన ఎవరికైనా ఇచ్చే టీయేనా? వెనుదిరిగి వచ్చేసింది.

శనివారం మళ్లీ అత్త గదిలో పాఠం ముందేసుకుంది. పంపకం దగ్గర మనసు నిలవక వెనక పేజీలు తిప్పుతుంటే గిబియోనువాళ్ల కథ కనబడింది. ఇశ్రాయేలీయులు ఊరు వెనక ఊరు తుడిచిపెట్టుకుంటూ వస్తున్నారని గిబియోనువాళ్లు విన్నారు. బూజుపట్టిన రొట్టెలు, చిరిగి కుట్టుకున్న ద్రాక్షారసపు తిత్తులు, మాసికలేసిన చెప్పులు సర్దుకుని బయల్దేరారు. మేం చాలా దూరదేశంవాళ్లం, మాతో ఒప్పందం చేసుకోండి అన్నారు. యెహోషువ నమ్మాడు. పెద్దలు ప్రమాణం చేశారు. మూడు రోజులకు తెలిసింది, వాళ్లు పక్క ఊరివాళ్లేనని. జనం గొడవపెట్టారు. అయినా ఇచ్చిన మాట కోసం వాళ్లను చంపలేదు. కట్టెలు నరకడానికీ నీళ్లు తోడడానికీ పెట్టుకుని బతకనిచ్చారు.

కీర్తన రెండుసార్లు చదివింది. దేవుడు ఎటువైపు ఉన్నాడో అందులో స్పష్టంగా లేదు. మోసం తప్పనీ ఉంది, మాట నిలబెట్టుకోవాలనీ ఉంది.

అప్పుడే ఆమోసు వచ్చాడు. జువ్విమెట్టలో ఏదో అడ్డం పడిందని ఆయన చెవిన పడింది.

"ఏంటమ్మా, ముప్పై ఆరోదానికి రాయెయ్యలేదంట?"

కీర్తన ఉన్నదంతా చెప్పింది, చెయ్యి వేసిన సంగతితో సహా. తర్వాత ఆ పేజీ చూపించి, "దీనికేం చెబుతారు పెదనాన్నా?" అంది.

ఆమోసు ఆ పేజీ మీద వేలు పెట్టాడు. "ఇది దేవుని పేర చేసిన ప్రమాణం. నువ్వు ఉద్యోగస్తురాలివి. నీ మాట ప్రభుత్వం మాట ఎట్టా అవుద్ది?"

"నా మాట నాదేగా?"

"నీదైతే నీ సొంత స్థలంలోంచి ఇయ్యి. ముప్పై ఆరు కుటుంబాలమ్మా. ఒక ప్లాటు తీసేస్తే ముప్పై ఆరు పేర్లలో ఎవరి పేరు కొట్టేస్తావో చెప్పు. నాదా? మీ అత్తదా?" ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. "నేనేం ఆ ముసలామెకి కీడు కోరట్లా. మావాళ్లకి ఎన్ని తరాలకి వస్తోందమ్మా ఈ సెంటున్నర."

కీర్తన ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి వెతికింది, దొరకలేదు.

రావమ్మ బ్రష్షు పక్కన పెట్టింది. "నీళ్లు తోడేవాళ్లని చేశారంటున్నావే, వాళ్లేం పేరు?"

"గిబియోనీయులు."

"మా అమ్మ జీవితమంతా ఆసాముల ఇళ్లకి కాలవ నీళ్లు మోసింది. మా నాయన కట్టెలు కొట్టాడు. గిన్నె కూడా విడిగా పెట్టేవాళ్లు." ఆవిడ ఆమోసు వైపు తిరిగింది. "అన్నయ్యా, యెహోషువ కథ విన్నప్పుడల్లా గెలిచినోళ్లలో మనం ఉన్నామనుకున్నాను నేను. మనం అటా, ఇటా?"

"అది ఆత్మీయంగా అర్థం చేసుకోవాలమ్మా."

"ఆత్మీయంగా సరే. నాకర్థం కావట్లా, అందుకడిగా."

ఆమోసు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక, ఏం రాయమంటావని కీర్తన అత్తను అడిగింది.

"నన్నడక్కు. నన్నడిగితే ఖాళీ అని రాయమంటా. తరవాత నిద్రపట్టక నిన్ను తిట్టుకుంటా" అంది రావమ్మ.

ఆదివారం కీర్తన పాఠం చెప్పలేదు, ఒంట్లో బాగాలేదంది. సోమవారం రిపోర్టు రాసింది. ఖాళీ అని రాయలేదు. అలాగని కాగితాన్ని దాచలేదు. రేకుల ఇల్లు ఉంది, సైదాబీ అనే ఒంటరి స్త్రీ చాలా ఏళ్లుగా నివసిస్తోందని పక్క పొలాలవాళ్లు చెప్పారు, ఆమె చూపిన పత్రం నమ్మదగ్గదిగా లేదు. మూడూ ఒకదాని కింద ఒకటి రాసి సంతకం పెట్టింది. చదివిన బసవపున్నయ్య, "ఇది ఇటూ కాదు అటూ కాదు" అన్నాడు.

"అవును సార్. అక్కడున్నది అదే."

ఆ రిపోర్టు పైకి వెళ్లింది. మనిషి ఉన్న ఇల్లు ఖాళీ చేయించాలంటే నోటీసులూ గడువులూ ఉంటాయి. లాటరీ వాయిదా వెయ్యడం పైవాళ్లకు ఇష్టం లేదు. ఆ ఇంటిని లేఅవుట్‌లోంచి తప్పించేశారు. ముప్పై ఆరు చీటీలు వెయ్యాలని, వాటిలో ఒకటి ఖాళీగా ఉంచాలని, అది వచ్చినవాళ్ల పేరు రెండో జాబితాకు మార్చాలని తేల్చారు. ఆ ఆలోచన ఎవరిదో కీర్తనకు తెలియదు. తనకు తెలిసింది ఒకటే, ఖాళీ అన్న మాట తను రాయనందుకు అది ఒక చీటీ మీదికి చేరింది.

లాటరీ ఊరి బడి వరండాలో జరిగింది. స్టీలు బిందెలో చీటీలు వేశారు. పేరు పిలిస్తే వచ్చి తీసుకోవడమే. ఆమోసుకు నాలుగు వచ్చింది. చీటీని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. కీర్తన వైపు చూసి తలూపాడు. క్షమించాడో, పలకరించాడో. రావమ్మ బిందెలో చెయ్యి పెట్టినప్పుడు కీర్తనకు ఆ ఖాళీది అత్తకే రావాలని ఒక్క క్షణం అనిపించింది. అలా వస్తే లెక్క సరిపోతుంది, తన మాటకు తనవాళ్లే మూల్యం ఇచ్చినట్టవుతుంది. మరుక్షణం అలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది. రావమ్మకు ముప్పై అయిదు వచ్చింది, సైదాబీ ఇంటి పక్కదే.

"మేనకోడలు సర్వేయరైతే రాకేం చేస్తది" అని వెనక ఎవరో అన్నారు.

ఇరవై ఎనిమిదో పేరు సంపూర్ణమ్మ. ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్ దగ్గర కూరగాయలమ్మే మనిషి. కీర్తనకు ముఖపరిచయం కూడా లేదు. చీటీ విప్పి ముందు చూసింది, వెనక చూసింది, ఎండకేసి పట్టి చూసింది. తర్వాత నేరుగా కీర్తన దగ్గరికే వచ్చింది. మెడలో ఐడీ కార్డు కీర్తనకొక్కదానికే ఉన్నట్టు కనిపించిందేమో.

"అమ్మా, దీంట్లో నంబరు వెయ్యడం మర్చిపోయినట్టున్నారండీ."

బల్ల దగ్గరున్న గుమాస్తా ఖాళీ చీటీ సంగతీ రెండో జాబితా సంగతీ గడగడా చెప్పేసి తర్వాతి పేరు పిలిచాడు. సంపూర్ణమ్మ ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. చీటీ మడిచి పట్టుకుని వరండా మెట్ల మీద కూర్చుంది. జనం పల్చబడ్డాక కీర్తన వెళ్లి పక్కన కూర్చుంది.

"ఆ ఖాళీ చీటీ నావల్ల వచ్చిందండీ" అంది.

"నువ్వేం చేస్తావమ్మా, చీటీ కదా."

"అది కాదండీ. ముప్పై ఆరు ప్లాట్లూ ఉండేవి. ఒకదాంట్లో ఒక మామ్మగారి ఇల్లుంది. ఆవిడ దగ్గరున్న కాగితం సరైంది కాదు. తీయించొచ్చు. నేను తీయిస్తే బాగుండేదని చాలామంది అంటున్నారు."

సంపూర్ణమ్మ ఆమె ముఖంలోకి చూసింది. అర్థమయిందో లేదో తెలియలేదు. "ఏదీ, ఎక్కడుంది ఆ ఇల్లు?" అంది.

ఇద్దరూ ఎండలో లేఅవుట్ దాకా నడిచారు. కొత్తగా పాతిన రాళ్ల మధ్య మనుషులు తమ తమ నంబర్లు వెతుక్కుంటున్నారు. ఆ చివర కంచె అవతల సైదాబీ చేటలో బియ్యం చెరుగుతోంది.

"ఈవిడేనా? ఒక్కతే ఉంటుందా?"

"ఒక్కరేనండీ."

"మేం ఆరుగురం" అంది సంపూర్ణమ్మ. కోపంగా అనలేదు, మామూలుగా చెప్పింది.

ఆ మాట విని సైదాబీ తలెత్తింది. "ఎవరమ్మా? ప్లాటు వచ్చినోళ్లా? ఎండలో నిలబడ్డారే, రండి లోపలికి."

సంపూర్ణమ్మ కీర్తన వైపు ఒకసారి చూసి, ముళ్లకంప తప్పించుకుని లోపలికి వెళ్లింది. కీర్తన రోడ్డు మీదే ఉండిపోయింది. వెళ్లాలో, ఉండాలో, వాళ్లిద్దరి మధ్యకు వెళ్లి అసలు సంగతి తను చెప్పాలో తేలలేదు. లోపలినుంచి మాటలు వినిపిస్తున్నాయి గానీ ఏమిటన్నది అందడం లేదు. ఒకసారి ఎవరి గొంతో హెచ్చింది. ఆ తర్వాత గిన్నెల చప్పుడు.

ఇంతలో నాలుగో ప్లాటు దగ్గర రాయి ఒరిగిందని ఆమోసు కేకేస్తే అటు వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి సంపూర్ణమ్మ వెళ్లిపోయింది. సైదాబీ మళ్లీ బియ్యం చెరుగుతోంది.

"ఏమన్నారండీ ఆవిడ?" అని అడిగింది కీర్తన కంచె ఇవతలినుంచి.

"ఎవరు, ఆ కూరగాయలావిడా? మంచి మనిషి" అంది సైదాబీ. చేటలోంచి రాళ్లేరి అవతల పారేసింది.

రెండో జాబితా ఇంకా రాలేదు. రింగ్ సెంటర్ మీదుగా వెళ్లినప్పుడల్లా కీర్తన సంపూర్ణమ్మ దగ్గర ఆగి ఏదో ఒక కూర కొంటుంది. ఆవిడ జాబితా ఊసెత్తదు, ఆ రోజు లోపల ఏం మాట్లాడుకున్నారో చెప్పదు. తూకం మాత్రం కాస్త మొగ్గేలా వేస్తుంది. అదెందుకో కీర్తనకు తెలియదు.